ఫ్యాంటసీ ట్రైలర్: "గ్రాఫిక్స్ బాగున్నాయి, కథే అందలేదు" అంటున్నారు. కట్‌లో తప్పెక్కడ?

పొడుగుటైమ్‌లైన్:

ఒక ఫ్యాంటసీ సినిమా ట్రైలర్ కట్ మీద సలహా కావాలి. కథాలోకం సంగతి రెండు ముక్కల్లో: ఇక్కడ మంత్రం ఎవరైనా వేయొచ్చు, కానీ వేసిన ప్రతిసారీ వాళ్ల నీడ కొంత కరిగిపోతుంది. నీడ పూర్తిగా పోయినవాళ్లను నది అడుగున ఉండే రాతిజీవి లాక్కెళ్తుంది. హీరోయిన్‌కి సగం నీడే మిగిలింది.

ఇప్పుడున్న కట్ 2 నిమిషాల 24 సెకండ్లు, సెకండుకి 24 ఫ్రేముల టైమ్‌లైన్, 131 షాట్లు. చివరి 14 సెకండ్లలోనే 48 షాట్లు ఉన్నాయి, అంటే సగటున 7 ఫ్రేములు. ముసలావిడ వాయిస్ ఓవర్ మొత్తం 38 సెకండ్లు. టెక్స్ట్ కార్డులు 4. మ్యూజిక్ మొదటి సగం 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు), రెండో సగం 120. సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) షాట్లు 41, పూర్తయినవి 17.

కథ తెలియనివాళ్లకి చూపిస్తే అందరూ గ్రాఫిక్స్, కోట, యుద్ధం అన్నారు. నీడ మాట ఒక్కరూ ఎత్తలేదు. సినిమాకి ప్రాణం అదే మరి. వాయిస్ ఓవర్‌లో ఇంకా వివరంగా చెప్పించాలా? వేగం తగ్గించాలా? పూర్తికాని సీజీ షాట్లు తీసేయాలా?

మూడోకట్:

వాయిస్ ఓవర్ పెంచకండి. పెంచాల్సింది నీడ కనిపించే షాట్ పొడుగు.

మామూలు యాక్షన్ సినిమాలో కారు, తుపాకీ, మెట్లు ఇవన్నీ కన్ను వెయ్యిసార్లు చూసినవే. 8 ఫ్రేములిచ్చినా గుర్తుపడుతుంది. మీ రాతిజీవిని లోకంలో ఎవరూ చూడలేదు. అది తెరమీదికి రాగానే ఇదేంటి, ఎంత పెద్దది, ఎటు కదులుతోంది అని కన్ను మూడు ప్రశ్నలు వేసుకుంటుంది. 7 ఫ్రేములంటే సెకండులో మూడో వంతు కూడా కాదు. మొదటి ప్రశ్నకి జవాబు దొరికేలోపే షాట్ మారిపోతోంది. చూసేవాడికి మిగిలేది "ఏదో పెద్దది, గ్రాఫిక్స్ బాగుంది" అనే ముద్ర ఒక్కటే. వాళ్లు మీకు చెప్పింది కూడా అదే కదా.

అందుకే ఫ్యాంటసీ ట్రైలర్‌కి నేను పెట్టుకునే కొలత ఇది: కొత్త వస్తువు మొదటిసారి పొడుగ్గా, రెండోసారి సగం, మూడోసారి తునక. మొదటిసారి 48 నుంచి 72 ఫ్రేములు, రెండోసారి 24 నుంచి 30, ఆ తర్వాత 8 లేదా 10 చాలు. మూడోసారికి కన్ను దాన్ని కొత్తగా గుర్తుపట్టక్కర్లేదు, గుర్తుచేస్తే సరిపోతుంది. వేగం అనేది ముందు దాచుకుని చివర్లో ఖర్చుపెట్టాల్సినది. మీరు దాచుకోకుండానే ఖర్చుపెట్టారు.

ఒక కాగితం మీద మీ లోకంలో మాత్రమే ఉండేవన్నీ రాయండి: జీవి, కోట, మంత్రం, ఆయుధం, తెగల గుర్తులు. ఒక్కోదాని పక్కన అది మొదట కనిపించే టైమ్‌కోడ్, ఎన్ని ఫ్రేములు నిలబడిందో వేయండి. జాబితా ఏడు దాటితే కొన్నిటిని నిర్మొహమాటంగా ఎత్తేయాల్సిందే. మొదటి దర్శనమే ఆ చివరి 14 సెకండ్లలో అయితే అది లేనట్టే లెక్క.

ఇక నీడ నియమం. దీన్ని చెప్పకండి, చూపించండి. మూడు షాట్లు చాలు. మొదటిది: ఆమె గోడ పక్కన నిలబడి ఉంటుంది, పక్కనుంచి గట్టి వెలుతురు, గోడమీద నిండు నీడ, 50 ఫ్రేములు. రెండోది: చేతి క్లోజప్, మంత్రం, 30 ఫ్రేములు. మూడోది: మళ్లీ అదే ఫ్రేమింగ్, అదే గోడ, నీడ సగం, 40 ఫ్రేములు. మొత్తం 5 సెకండ్లు, ఒక్క మాట అక్కర్లేదు. మొదటి, మూడో షాట్లు రెండు ట్రాకుల్లో ఒకదానిమీద ఒకటి పెట్టి, పైదాన్ని సగం పారదర్శకం చేసి (ఒపాసిటీ 50 శాతం), తల, భుజం, గోడ అంచు కలిసేదాకా జరపండి. మనిషి పది పిక్సెల్స్ పక్కకి జరిగితే కన్ను ఆ జరగడాన్నే చూస్తుంది, నీడ తగ్గడాన్ని చూడదు. జూమ్ 8 శాతం లోపలే ఉంచండి, లేకపోతే బొమ్మ మెత్తబడుతుంది. 4కేలో తీసి 2కేలో కట్ చేస్తుంటే ఆ భయం లేదు.

వీటి మధ్య డిజాల్వ్ (ఒక బొమ్మ కరిగి ఇంకోటిగా మారడం) వేయాలని చేతులు దురదపెడతాయి. వద్దు. డిజాల్వ్ వేస్తే "కొంతకాలం గడిచింది" అని అర్థం వస్తుంది. నేరుగా మారే హార్డ్ కట్ అయితే "ఇది చేసింది కాబట్టే అది జరిగింది" అని వస్తుంది. మీకు కావాల్సింది రెండోది.

నాలుగో షాట్‌గా ఆమె ముఖం పెట్టండి. ఏడుపు, భయం లాంటి పెద్ద భావం ఉన్న టేక్ వద్దు, మామూలుగా చూస్తున్న టేక్ తీసుకోండి. దాదాపు వందేళ్ల కిందట రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒకే నటుడి ఒకే ముఖాన్ని వేర్వేరు బొమ్మల పక్కన అతికించి చూపించింది ఈ సంగతే. భావం ముఖంలో కన్నా పక్క షాట్‌లోంచే ఎక్కువ వస్తుంది. కరిగిన నీడ పక్కన ఏ ముఖం పెట్టినా భయం దానంతటదే పుడుతుంది.

ఆ 38 సెకండ్ల వాయిస్ ఓవర్‌లో బొమ్మ చెప్పేసిన ప్రతి వాక్యాన్నీ కోసేస్తే 15 సెకండ్లు మిగలొచ్చు. సొంతంగా కల్పించిన పేర్లు రెండుకి మించి వినిపించకూడదు. ఒక మనిషిది, ఒక చోటుది. మూడో పేరు రాగానే చెవి మూసుకుంటుంది. "వేల సంవత్సరాల క్రితం" అంటూ మొదలైతే మాత్రం ముందు ఆ వాక్యమే తీసేయండి. దాన్ని ఇప్పుడు ఎవరూ మాటగా వినడం లేదు, గాలి చప్పుడు లాగే వింటున్నారు.

శబ్దంముందు:

మూడోకట్ గారి లెక్కతో గొడవ లేదు కానీ, అసలు రోగం అంతకంటే ముందే మొదలైనట్టుంది. 90, 120 అని బీపీఎంలు చెప్పడం చూస్తే మ్యూజిక్ ట్రాక్ ముందు పరిచి దానిమీద షాట్లు పేర్చారనిపిస్తోంది. అలా చేస్తే ట్రైలర్ ఆ పాటకి వీడియో అవుతుంది, కథకి కాదు.

బొమ్మ, మ్యూజిక్ రెండూ మ్యూట్ చేసి, నల్లటి తెరమీద మాటల ట్రాక్ ఒక్కటే అల్లుకోండి. వాయిస్ ఓవర్ ముక్కలు, సినిమాలోంచి ఐదారు డైలాగులు, ఊపిరి, మధ్యలో ఖాళీలు. కళ్లు మూసుకుని వింటే ఎవరికి ఏం కావాలో, ఏం పోతుందో తెలియాలి. సుమారు 45 సెకండ్ల మాటలు 2 నిమిషాలమీద పరుచుకుంటే చాలు. డైలాగ్ మొదలు 10 నుంచి 15 ఫ్రేములు ముందు షాట్ మీదే వినిపించేలా లాగండి, అదే జే కట్. కొత్త చోటు తెరమీదికి వచ్చేసరికి చెవి అప్పటికే అక్కడ ఉంటుంది, దాంతో కన్నుకి పని తగ్గుతుంది. కొత్త లోకం చూపించే ట్రైలర్‌లో ఇది మామూలు సినిమా కంటే ఎక్కువ ఉపయోగం.

ఆ తర్వాతే మ్యూజిక్. లెక్క తేలిక: నిమిషానికి 1440 ఫ్రేములు, దాన్ని బీపీఎంతో భాగిస్తే బీట్‌కి ఎన్ని ఫ్రేములో వస్తుంది. 90కి 16, 120కి 12. మీ అదృష్టం ఏంటంటే 90లో మూడు బీట్లు, 120లో నాలుగు బీట్లు, రెండూ 48 ఫ్రేములే. కాబట్టి ఒక ట్రాక్ నుంచి ఇంకోదానికి మారేది 48 ఫ్రేముల గీతమీద పెడితే తడబాటు వినిపించదు. రెండు ట్రాకుల శ్రుతి కూడా చూసుకోండి. కలవకపోతే క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరగడం) జోలికి పోవద్దు, మధ్యలో శ్రుతి లేని డ్రమ్ దెబ్బ ఒకటి వేసి, సగం సెకండు ఖాళీ వదిలి, రెండోదాన్ని ఎత్తుకోండి.

టైమ్‌లైన్ నిజంగా 24ఏనా, 23.976ఆ అన్నది కూడా ఒకసారి చూడండి. 24 లెక్కతో ఫ్రేములు లెక్కపెట్టుకుంటూ 23.976లో కట్ చేస్తే 140 సెకండ్లు గడిచేసరికి 3 ఫ్రేములకు పైగా జరిగిపోతుంది. మొదట్లో అంతా బిగుతుగా ఉండి చివర్లో ఎందుకో వదులుగా ఉందనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

కట్ సరిగ్గా బీట్ మీద పెట్టకండి. 1 లేదా 2 ఫ్రేములు ముందు పెట్టండి. కొత్త బొమ్మ కంటికి ఆనడానికి క్షణం పడుతుంది, ఆ క్షణం ముందే ఇచ్చేస్తే దెబ్బ, బొమ్మ కలిసి తగిలినట్టు ఉంటుంది. బీట్ తర్వాత కట్ పడితే మాత్రం నిద్రమొహంతో ఎడిట్ చేసినట్టుంటుంది.

ఫ్యాంటసీ ట్రైలర్లన్నీ ఒకేలా ఉండటానికి సగం కారణం రైజర్ (ఎక్కుతూ పోయే శబ్దం), బ్రామ్ (గంభీరమైన మోత), హూష్ (గాలి చీల్చినట్టుండే శబ్దం). తప్పు వాటిది కాదు, మోతాదుది. 3 లేదా 4 సెకండ్ల రైజర్ ఎక్కాక 10 నుంచి 14 ఫ్రేములు ఖాళీ వదిలి అప్పుడు దెబ్బ వేయండి. ఖాళీ అంటే సున్నా సౌండ్ కాదు. పూర్తిగా సున్నా చేస్తే స్పీకర్ ఆగిపోయిందనుకుంటారు. చిన్న గాలి, ఒక ఊపిరి ఉంచండి. ఇలాంటి ఆగుళ్లు ట్రైలర్ మొత్తంలో మూడు మించితే పనిచేయవు. సబ్ డ్రాప్ (బాగా లోతుకి జారే శబ్దం) ఫోన్‌లో అసలు వినిపించదు, ఆ చిన్న స్పీకర్లకి 150 హెర్ట్జ్ కిందున్నది దాదాపు అందదు. కింద సబ్ ఉంచుతూనే, దానిమీద కాస్త శాచురేషన్ వేయండి (శబ్దాన్ని కొద్దిగా గరుకు చేయడం), లేదా 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య చెక్క విరిగినట్టో రాయి పడినట్టో ఒక పొర కలపండి.

నీడ కరగడానికి ప్రత్యేకంగా ఒక శబ్దం చేయించండి. ఇసుక జారడం, దాంట్లో ఊపిరిని తిరగేసి కలపడం లాంటిది. మొదటిసారి నీడ షాట్ మీద, రెండోసారి వేరే పాత్ర మీద. మూడోసారి బొమ్మ వద్దు, నల్లతెర మీద ఆ శబ్దం ఒక్కటే. రెండుసార్లు విన్న చెవికి మూడోసారి బొమ్మతో పనిలేదు.

లౌడ్‌నెస్: వెబ్‌కి మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (సగటు మోత కొలత), ట్రూ పీక్ (అన్నిటికంటే ఎత్తైన శిఖరం) మైనస్ 1 దాటకుండా. అంతకంటే గట్టిగా ఇస్తే యూట్యూబ్ తగ్గించేస్తుంది, మీ దెబ్బలన్నీ చప్పబడతాయి. థియేటర్ మిక్స్‌ని అమెరికాలో ఎల్‌ఈక్యూ(ఎం) అనే కొలతలో 85 దగ్గర ఆపుతారు. అది మొత్తం ట్రైలర్ మీద తీసే సగటు. అంటే మొదటి నిమిషం నిశ్శబ్దంగా ఉంటే ఆ మిగులుని చివర్లో పెద్ద దెబ్బలకి వాడుకోవచ్చు. మొదటి సెకండు నుంచి మోత మోగిస్తే చివరికి ఏమీ మిగలదు.

నీలితెర:

సీజీ వైపునుంచి. ఇద్దరూ చెప్పింది బాగుంది, కానీ ఆ మార్పులు వీఎఫ్ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) వాళ్లకి ఎంత పని తెస్తాయో చూసుకోవాలి.

రెండు వైపులా 8 ఫ్రేముల హ్యాండిల్స్ (అదనపు ఫ్రేములు) వేసుకుంటే 8 ఫ్రేముల షాట్‌కి 24 ఫ్రేములు రెండర్ చేయాలి. 60 ఫ్రేముల షాట్‌కి 76. రెండోది మూడు రెట్ల రెండర్ అన్నమాట నిజమే, కానీ ట్రాకింగ్ (కెమెరా కదలికకి సీజీని జతచేయడం), లైటింగ్, ఆ జీవి ఒంటి తీరు సరిచేయడం ఇవన్నీ 8 ఫ్రేములకైనా 60కైనా దాదాపు ఒకటే. అందుకే ఇరవై తునకల కన్నా ఎనిమిది పొడుగు షాట్లు పూర్తిచేయడం లాభం. పూర్తికాని 24లో ఏవి కావాలో ఎంచుకోవడానికి మూడోకట్ గారి జాబితాయే వాడండి. మొదటి దర్శనం షాట్లు ముందు. తునకలు అవసరమైతే ఆ పొడుగు షాట్లలోని వేరే భాగంలోంచే కోసుకోండి.

పూర్తికాని షాట్‌ని చీకట్లో దాచేద్దాం, ఫ్లాష్ వేసి కప్పేద్దాం అనుకుంటారు. జీవిని నీటి అలల్లోంచి, ధూళిలోంచి సగమే చూపించడం వేరు, అది చేయండి. కానీ లైటింగ్ కాని మోడల్‌ని డీఐలో (రంగులు సరిచేసే దశలో) నల్లగా తొక్కేస్తే ఫోన్ స్క్రీన్ బ్రైట్‌నెస్ పెంచగానే బూడిదరంగు ప్లాస్టిక్ బొమ్మ బయటపడుతుంది.

వీఎఫ్ఎక్స్‌కి పంపే లిస్టులో షాట్ నంబర్, సోర్స్ టైమ్‌కోడ్ ఇన్, అవుట్, రీటైమ్ (వేగం మార్పు) శాతం, రీపొజిషన్ (బొమ్మని జరపడం), ఫ్లాప్ (అద్దంలోలా తిప్పడం) చేశారా లేదా, ఇవి లేకపోతే తిరిగొచ్చిన షాట్ మీ కట్‌లో సరిపోదు. ముఖ్యంగా రీటైమ్. 200 శాతం వేగం పెట్టిన 48 ఫ్రేముల షాట్‌కి 96 సోర్స్ ఫ్రేములు కావాలి. ఎడిట్‌లో సరదాగా వేసిన స్పీడ్ ర్యాంప్ (షాట్ లోపల వేగం మారడం) అక్కడ రెండు రెట్ల పనవుతుంది.

మీ నియమం వల్ల వచ్చే అసలు చిక్కు ఇంకోటుంది, దాన్ని ఎవరూ ఎత్తలేదు. నీడని చూడమని ఒకసారి ప్రేక్షకుడికి నేర్పాక, అతను ఆ తర్వాత ప్రతి షాట్‌లోనూ నీడనే చూస్తాడు. ట్రైలర్‌లో షాట్ల వరుస సినిమా వరుస కాదు. 30వ సెకండులో సగం నీడ చూపించి 70వ సెకండులో నేలమీద నిండు నీడతో ఆమె పరిగెత్తితే "అదేంటి, నీడ తిరిగొచ్చిందా" అంటాడు. ఆమె ఉన్న షాట్లన్నిటినీ నీడ ఎంతుందో దాన్నిబట్టి మూడు బిన్లలో (ఫోల్డర్లలో) వేసుకోండి: నిండు, సగం, కనిపించదు. నియమం చూపించాక నిండు బిన్‌లోంచి ఏదీ రాకూడదు. తప్పనిసరైతే కింద క్రాప్ చేయండి, లేదా డీఐలో పవర్ విండో (ఒక భాగం మీదే పనిచేసే మాస్క్) వేసి నేలని చీకటి చేయండి. మబ్బు, రాత్రి షాట్లకి ఇబ్బంది లేదు, అక్కడ అందరి నీడలూ అంతే.

ఫ్లాప్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. షాట్‌ని అద్దంలోలా తిప్పితే కత్తి కుడిచేతిలోంచి ఎడమచేతికి మారుతుంది, అది చాలామంది గమనించరు. కానీ వెలుతురు దిశ, నీడ పడే వైపు మారుతుంది. మీ మూడు షాట్ల వరుసలో అలా జరిగితే నియమమే కూలిపోతుంది.

పొడుగుటైమ్‌లైన్:

ముగ్గురికీ ధన్యవాదాలండీ. నీడ బిన్లు వేసి చూస్తే నాలుగు షాట్లు నియమానికి అడ్డం తిరిగాయి, వాటిని తీసేశాం. కట్ ఇప్పుడు 2:11, 88 షాట్లు. మ్యాచ్ కట్ (ఆ గోడ షాట్లు రెండూ) అలైన్ చేశాక కొత్తవాళ్లకి చూపిస్తే ముందు నీడ గురించే అడుగుతున్నారు.

మిగిలిన చిక్కులు: చివరి మాంటేజ్ (చిన్న షాట్ల వరుస) 12 ఫ్రేముల మీద కట్ చేస్తే టిక్కు టిక్కుమని గడియారంలా ఉంది. స్లో మోషన్‌లోంచి వేగంలోకి వెళ్లే ర్యాంప్‌లో మంత్రపు నిప్పురవ్వలు సాగి చిరిగిపోతున్నాయి. రెండు ఫ్రేముల తెల్ల ఫ్లాష్ 9 చోట్ల వాడాం, ఎక్కువా? జీవిని టైటిల్ ముందు చూపించాలా, తర్వాతా? టైటిల్, కార్డులు తెలుగులో వేస్తున్నాం, యానిమేషన్‌లో అక్షరాలు విరిగిపోతున్నాయి, ఏం చేయాలి?

మూడోకట్:

గడియారం సంగతి ముందు. ప్రతి బీట్‌కీ కట్ అక్కర్లేదు, బీట్‌కి ఏదో ఒకటి జరిగితే చాలు. కత్తి తగలడం, తలుపు మూయడం, గుర్రం కాలు నేలకి తగలడం, ఇవి షాట్ లోపల బీట్ మీద పడేలా జరపండి, కట్‌ని బీట్ల మధ్య ఎక్కడైనా పెట్టండి. మీ 12 ఫ్రేముల మీద 24, 12, 12, 36, 9, 15, 12 ఇలా అసమానంగా వేస్తే లయ ఉంటుంది, టిక్కు టిక్కు ఉండదు. మాంటేజ్ మధ్యలో ఒక్క షాట్‌ని 40 ఫ్రేములు నిలబెట్టండి, కదలని ముఖం అయితే మరీ మంచిది. దాని పక్కన ఉన్నవన్నీ వేగంగా అనిపిస్తాయి.

ఇంకోటి, కంటి దారి. ఒక షాట్ ముగిసేసరికి చూపు తెర ఎడమవైపు ఉంటే, తర్వాతి షాట్‌లో ముఖ్యమైనది కుడి మూలన ఉంటే, కన్ను వెతుక్కోవడానికే మూడు నాలుగు ఫ్రేములు పోతాయి. 12 ఫ్రేముల షాట్‌లో అది పావు వంతు నుంచి మూడో వంతు. మానిటర్ మీద స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టి ఒక్కో కట్ దగ్గర ఆపి చూడండి (ముందు స్క్రీన్ మీద ప్లాస్టిక్ కవర్ అతికించండి, లేకపోతే ఆ మరక మీతోనే ఉంటుంది). చుక్క, ముఖ్యమైన వస్తువు దూరంగా ఉన్న చోట్ల రీపొజిషన్ చేసో షాట్ల వరుస మార్చో కలపండి. షాట్లు అవే, పొడుగు అదే, కానీ సగం గందరగోళం పోతుంది.

తెల్ల ఫ్లాష్‌లు 9 అంటే చాలా ఎక్కువ. చూడటానికి చవగ్గా ఉండటం ఒక్కటే కాదు, సెకండుకి 3 మించి ఫ్లాష్‌లు పడితే ఫోటోసెన్సిటివ్ మూర్ఛ ఉన్నవాళ్లకి ప్రమాదం, ప్రసార సంస్థలు తిప్పి పంపుతాయి కూడా. కథలో కారణం ఉన్న వెలుగే వాడండి: మంత్రం పేలడం, మెరుపు. అది కూడా ఒకటో రెండో.

జీవి విషయంలో నా మాట: టైటిల్ ముందు నీటిమీద సుడి, ఒడ్డుమీద తడి రాతి గుర్తు, ఒక మనిషి కాలు పట్టుకున్న వేళ్లు. ఈ మూడూ వేర్వేరు చోట్ల. నిండు రూపం వద్దే వద్దు. టైటిల్ తర్వాత 6 నుంచి 8 సెకండ్ల బటన్ (చివరి చిన్న కొసరు): మిట్ట ఎండ, ఆమె నడుస్తోంది, కెమెరా నెమ్మదిగా నేలకి దిగుతుంది, నీడ లేదు. వెనక నీళ్లలోంచి ఏదో లేచిన చప్పుడు. కట్.

శబ్దంముందు:

ఆ బటన్ సినిమా క్లైమాక్స్ విషయం అయితే మాత్రం వద్దండీ. ఆమె నీడ పోతుందా లేదా అన్నదే సినిమా మొత్తాన్ని లాగే ప్రశ్న. దానికి జవాబు ట్రైలర్‌లోనే చెప్పేస్తే టికెట్ ఎందుకు కొంటారు? అదే షాట్‌ని కెమెరా నేలని చేరడానికి 4 ఫ్రేములు ముందే నల్లతెరకి కట్ చేసి, ఇసుక జారే శబ్దం మాత్రం వినిపించండి.

మూడోకట్:

ఒప్పుకుంటున్నా. ఇదే మేలు.

నీలితెర:

నిప్పురవ్వల చిరుగు ఆప్టికల్ ఫ్లో వల్ల. సాఫ్ట్‌వేర్ రెండు ఫ్రేముల మధ్య ఏ పిక్సెల్ ఎటు పోయిందో ఊహించి కొత్త ఫ్రేము తయారుచేస్తుంది. ముఖం, గోడ లాంటివాటికి ఊహ కుదురుతుంది. రవ్వలు, పొగ, ఎగిరే జుట్టు, ఒకదాన్నొకటి దాటే చేతులు ఉన్నచోట ఏది ఏదో తెలియక సాగదీస్తుంది. దారి ఏంటంటే, రవ్వలు లేని ప్లేట్‌ని (కెమెరాతో తీసిన బొమ్మని) ముందు రీటైమ్ చేసి లాక్ చేయండి, తర్వాత రవ్వల్ని దానిమీద మామూలు 24 వేగంతో కొత్తగా వేయమనండి. ప్లేట్ సెకండుకి 120 ఫ్రేములతో తీసి ఉంటే 20 శాతం దాకా నిజమైన ఫ్రేములే ఉంటాయి, ఊహతో పనిలేదు. 24లో తీసినదాన్ని 60 శాతం కిందకి దించకండి.

వేగంగా పోయే భాగంలో ఇంకో లోపం: 300 శాతం పెడితే మూడింట రెండు ఫ్రేములు ఎగిరిపోతాయి, కానీ ఒక్కో ఫ్రేములో ఉన్న మోషన్ బ్లర్ (కదలిక మసక) పాత వేగానిదే. అందుకే దడదడలాడినట్టు ఉంటుంది. ఆ భాగానికి మోషన్ బ్లర్ కలపాలి, కనీసం ఫ్రేమ్ బ్లెండింగ్ (పక్క ఫ్రేములు కలపడం) అయినా పెట్టండి.

అక్షరాలపని:

తెలుగు కార్డుల సంగతి నాకు వదిలేయండి. ఇంగ్లిష్‌లో లాగా ఒక్కో అక్షరం ఎగిరొచ్చే ప్రీసెట్ తెలుగుకి పనికిరాదు. సాఫ్ట్‌వేర్ లోపల గుణింతం, ఒత్తు వేర్వేరు ముక్కలు. ప్రీసెట్ వాటిని విడదీసి లాగుతుంది, ఒత్తు ఒకవైపు, అక్షరం ఒకవైపు. ట్రాకింగ్ (అక్షరాల మధ్య దూరం) నెమ్మదిగా పెంచే యానిమేషన్ కూడా అంతే, దాన్ని అసలు వాడొద్దు. ముందు టెక్స్ట్ ఇంజిన్ దక్షిణాసియా లిపులకి మార్చారో లేదో చూసుకోండి. యానిమేషన్ మాట మొత్తానికి వేయండి. అక్షరం అక్షరంగానే కావాలంటే టెక్స్ట్‌ని అవుట్‌లైన్లుగా మార్చి, ఒక్కో అక్షరాన్ని దాని ఒత్తు, గుణింతంతో కలిపి చేత్తో గ్రూప్ చేసి అప్పుడు కదిలించండి.

మాస్క్ కిందనుంచి అక్షరం పైకి లేచే యానిమేషన్‌లో ఒత్తులు తెగిపోతుంటాయి. మాస్క్ కింద కనీసం సగం అక్షరం ఎత్తు ఖాళీ వదలండి. సన్నటి తలకట్లున్న ఫాంట్‌కి గ్లో వేస్తే కంప్రెషన్ తర్వాత తలకట్టు మాయమై ఒక అక్షరం ఇంకోటిలా చదువుకుంటారు. మందపాటి ఫాంట్ తీసుకోండి, బంగారు లోహపు మెరుపు తగ్గించండి.

నిడివికి నేను వాడేది పాత పద్ధతే: కార్డుని పైకి, తొందరపడకుండా రెండుసార్లు చదివేంత సేపు ఉండాలి. నాలుగు మాటలకి 48 ఫ్రేములు తగ్గకూడదు. ఈ లెక్క యానిమేషన్ ఆగి అక్షరాలు కుదురుకున్న దగ్గర్నుంచి. నాలుగు కార్డులు నాలుగు వాక్యాలైతే ఒకటీ గుర్తుండదు. ఒకే వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క మధ్య షాట్లు పెట్టండి.

పొడుగుటైమ్‌లైన్:

ఒక చివరి సందేహం. ఫోన్‌కి నిలువు వెర్షన్ అడుగుతున్నారు. 1920 బై 804 బొమ్మలోంచి 9:16 కోస్తే వెడల్పు 452 పిక్సెల్సే మిగులుతోంది, నాలుగో వంతు కూడా కాదు. గోడ షాట్‌లో ఆమె ఉంటే నీడ పోతోంది, నీడ ఉంటే ఆమె పోతోంది.

నీలితెర:

ఆ షాట్‌ని క్రాప్ చేయకండి. నిలువు ఫ్రేముని రెండుగా చీల్చి పైన ఆమెని, కింద నీడని పెట్టండి, రెండూ అదే షాట్‌లోంచి. పైభాగం మూడు షాట్లలోనూ కదలకుండా ఉండాలి, మార్పు కిందే జరగాలి. ఒక్కో భాగం చదరానికి దగ్గరగా వస్తుంది కాబట్టి పిక్సెల్స్ కూడా కాస్త కలిసొస్తాయి, అయినా 2కే మాస్టర్ కాకుండా 4కే ఒరిజినల్ నుంచే తీసుకోండి. కోట, యుద్ధం వైడ్ షాట్లు మాత్రం నిలువులో పనికిరావు, వాటి బదులు ముఖాలు పెట్టుకోండి. ఫోన్ యాప్‌లలో కింది భాగం మీద బటన్లు, పేర్లు వచ్చి పడతాయి, నీడ పాదాల దగ్గర మొదలవుతుంది కాబట్టి దాన్ని అడుగు అంచునుంచి ఐదో వంతు పైకి జరపండి.